పై బ్యాచి బాకీ

మన పెళ్ళిళ్ళలో చదివింపులకు ఒక పుస్తకం ఉంటుంది. ఎవరు ఎంత చదివించారో ఇంటిపేరు, ఊరు, అంకెతో సహా రాసుకుని బీరువాలో దాస్తారు. పదేళ్ళ తర్వాత ఆ ఇంట్లో పెళ్ళయితే పుస్తకం బయటికి తీసి, ఆ అంకెకి తగ్గకుండా చదివించి వస్తారు. ఇచ్చినవాడికే తిరిగి ఇవ్వడం మనకి బాగా అలవాటైన లెక్క.

కాలేజీల్లో దీనికి భిన్నమైన లెక్క ఒకటి నడుస్తుంది. విజయవాడ చుట్టుపక్కల ఏ ఇంజనీరింగ్ కాలేజీలోనైనా, డిగ్రీ కాలేజీలోనైనా ఫ్రెషర్స్ డే ఎలా జరుగుతుందో చూడండి. సాధారణంగా రెండో ఏడు పిల్లలు చందాలు వేసుకుంటారు. హాలు మాట్లాడతారు, స్టేజీ కడతారు, సౌండు సిస్టమ్ తెస్తారు, భోజనాలు చెప్తారు. మొదటి ఏడు పిల్లలు పైసా ఇవ్వక్కర్లేదు. వచ్చి కూర్చుంటారు, తింటారు, ఒక పెన్నో కప్పో పట్టుకుని హాస్టలుకి వెళతారు. ఏడాది తిరిగేసరికి చందా పుస్తకం పట్టుకుని తిరిగేది వీళ్ళే. అయితే ఆ డబ్బు తమకి పార్టీ ఇచ్చినవాళ్ళకి చేరదు. ఇంకా పేరు కూడా తెలియని కొత్తవాళ్ళకి ఖర్చవుతుంది. ఫేర్‌వెల్ పార్టీలో పై బ్యాచికి కొంత తిరిగి ముడుతుంది, నిజమే. అది చదివింపుల పుస్తకం లెక్క. ఫ్రెషర్స్ డేలో అప్పు ఒకరి దగ్గర తీసుకుంటారు, ఇంకొకరికి తీరుస్తారు.

పద్దు రాసేవాడికి ఇది వింతగా ఉంటుంది గానీ, మన సంప్రదాయానికి కొత్త కాదు. మనిషి మూడు ఋణాలతో పుడతాడని వేదకాలం నుంచీ ఉన్న మాట: దేవ ఋణం, ఋషి ఋణం, పితృ ఋణం. వీటిలో పితృ ఋణం తీరేది బిడ్డల్ని కనడం వల్ల. ఋషి ఋణం చదువుకోవడం వల్ల, ఆ చదువు ఇంకొకరికి అందించడం వల్ల తీరుతుందని పెద్దలు చెబుతారు. అసలు అప్పిచ్చినవాడు ఎప్పుడో వెళ్ళిపోయాడు. ఇక మన తర్వాత వచ్చేవాడికి తీర్చాల్సిందే. తుమ్మలపల్లి కళాక్షేత్రంలో మైకు పట్టుకుని హడావుడి చేసే పంతొమ్మిదేళ్ళ కుర్రాడికి ఈ సంగతులేవీ తెలియక్కర్లేదు. తెలియకుండానే చేస్తున్నాడు.

ఈ ఊళ్ళో ఇలాంటి చేతిమార్పులకు చాలా అవకాశం ఉంది. 1937లో ఎస్.ఆర్.ఆర్. కాలేజీ, 1953లో ఆంధ్ర లయోలా, 1962లో మేరిస్ స్టెల్లా, 1977లో సిద్ధార్థ ఇంజనీరింగ్ కాలేజీ వచ్చాయి. తర్వాత వచ్చినవాటికి లెక్కే లేదు. ప్రతి చోటా ఏటా ఒక వరస బయటికి పోతుంది, ఒక వరస లోపలికి వస్తుంది. వార్షికోత్సవం, స్పోర్ట్స్ డే, సంక్రాంతి సెలవులకి ముందు క్యాంపస్‌లో ముగ్గుల పోటీ, ఎన్.ఎస్.ఎస్. క్యాంపు, అన్నిటికీ పద్ధతి కింది బ్యాచికి పై బ్యాచి నేర్పేదే. సిలబస్సులో ఉండదు.

చిక్కంతా ఇక్కడే ఉంది. ర్యాగింగ్ కూడా సరిగ్గా ఇదే దారిలో వస్తుంది.

"మాకూ చేశారు, మేమూ చేస్తున్నాం." ఫ్రెషర్స్ డేకి చందా అడిగేటప్పుడు చెప్పే మాట ఇది. అర్ధరాత్రి హాస్టల్ గది తలుపు కొట్టేవాడు చెప్పే మాట కూడా ఇదే. వాక్యంలో అక్షరం మారదు. అలాంటప్పుడు మొదటిదాన్ని మెచ్చుకుని రెండోదాన్ని తప్పు పట్టడానికి మనకున్న ఆధారం ఏమిటి? ఒకటి సుఖం, ఒకటి కష్టం అనేస్తే సరిపోదు. ఎన్.ఎస్.ఎస్. క్యాంపులో ఎండలో మట్టి మోయించడమూ కష్టమే, దాన్నెవరూ ర్యాగింగ్ అనరు.

ఆంధ్రప్రదేశ్‌లో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997లోనే వచ్చింది. ఏడిపించినా, అవమానించినా ఆరు నెలల దాకా జైలు అని అందులో ఉంది. 2009లో యు.జి.సి. దేశమంతటికీ నిబంధనలు తెచ్చింది. విద్యార్థీ, తల్లిదండ్రులూ అఫిడవిట్ ఇవ్వాలంది. ఆ నిబంధనల్లోనే ఇంకో సంగతి కూడా ఉంది: క్లాసులు మొదలైన రెండు వారాల్లోపే సీనియర్లూ, అధ్యాపకులూ కలిసి కొత్తవాళ్ళకి స్వాగత సభ పెడితే మంచిదని. ఇది రాసినవాళ్ళకి కాలేజీ సంగతి బాగా తెలుసు. పాత పద్ధతిలో ఫ్రెషర్స్ డే అంటే ర్యాగింగ్ ముగిసిన రోజు. నెలో రెండు నెలలో ఏడిపించి, ఆఖర్న బిర్యానీ పెట్టి "ఇప్పుడు మీరు మావాళ్ళు" అనేవారు. అవమానం టికెట్టు, విందు ఆ టికెట్టు మీద దొరికే సరుకు. ఆ క్రమాన్ని తిరగేసి, ముందు విందు పెట్టండి అంది నిబంధన.

అయినా చట్టం పని చట్టానిది, మనుషుల పని మనుషులది. 2015 జులైలో నాగార్జున విశ్వవిద్యాలయం హాస్టల్లో ఆర్కిటెక్చర్ మొదటి ఏడు చదువుతున్న అమ్మాయి ప్రాణం తీసుకుంది. సీనియర్ల వేధింపుల ఆరోపణల మీద ప్రభుత్వం విచారణ కమిటీ వేసింది, రాష్ట్రమంతా అట్టుడికింది. తొమ్మిదేళ్ళ తర్వాత, 2024లో, గుంటూరు కోర్టు ఆ కేసు కొట్టేసింది. చట్టానికి ఒక పేరు కావాలి, ఒక సాక్ష్యం కావాలి, ఒక తేదీ కావాలి. "ఎప్పట్నుంచో ఉన్నదే కదా" అని అందరూ మోసుకొచ్చే అలవాటుకి వీటిలో ఏదీ ఉండదు.

దెబ్బ తిన్నవాడే ఆ దెబ్బని ఎందుకు వెనకేసుకొస్తాడు? అమెరికాలో ఆరన్సన్, మిల్స్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1959లో ఒక ప్రయోగం ప్రచురించారు. ఒక చర్చా బృందంలో చేరడానికి కొందరు కాలేజీ అమ్మాయిలకి సిగ్గుతో చచ్చిపోయేలాంటి పరీక్ష పెట్టారు. కొందరికి తేలికైనది పెట్టారు, కొందరికి అసలు పెట్టలేదు. తర్వాత అందరికీ ఆ బృందం చర్చ వినిపించారు. అది కావాలనే చప్పగా తయారు చేసిన చర్చ. ఎక్కువ అవమానపడి చేరినవాళ్ళే అది బాగుందన్నారు. అంత పడి సంపాదించినది పనికిమాలినదని ఒప్పుకోవడం మనసుకి కష్టం. "ర్యాగింగ్ వల్లే నాకు ధైర్యం వచ్చింది, అప్పటి సీనియర్లే ఇప్పటికీ ఆప్తులు" అనే పెద్దమనుషులు అబద్ధం చెప్పడం లేదు. తాము పడ్డదానికి ఒక విలువ కట్టుకుంటున్నారు. కట్టుకున్నాక ఆ విలువ ఎక్కడో ఒక చోట రాబట్టుకోవాలి కదా.

నాకు తేడా ఇక్కడ కనిపిస్తుంది. ఫ్రెషర్స్ డే చేసేవాడు అప్పు పడ్డవాడు. తనకి అందినదాన్ని ఇంకొకరికి తీరుస్తున్నాడు. ర్యాగింగ్ చేసేవాడు అప్పులవాడిగా రాడు, వసూలుదారుగా వస్తాడు. అతనికి నిజంగానే ఒక బాకీ రావాలి. అతన్ని అవమానించినవాళ్ళు అతనికి క్షమాపణ బాకీ ఉన్నారు. కానీ వాళ్ళు పాసై వెళ్ళిపోయారు, లేదా ఇంకా పైక్లాసులో ఉన్నారు, అడగాలంటే భయం. అందుకని ఏ అప్పూ చెయ్యని పదిహేడేళ్ళ పిల్లవాడి దగ్గర వసూలు చేస్తున్నాడు. మనం పడ్డ అప్పు ఎవరికైనా తీర్చొచ్చు, తీసుకున్నవాడికి నష్టం లేదు. మనకి రావలసిన బాకీ మాత్రం ఇవ్వవలసినవాడి దగ్గరే అడగాలి. దారిన పోయేవాడి జేబులోంచి తీసుకుంటే దాన్ని బాకీ వసూలు అనరు.

తెలుగులో అప్పూ తీరుస్తాం, పగా తీర్చుకుంటాం. క్రియ ఒకటే కాబట్టి రెండూ కలిసిపోవడం తేలిక. బెజవాడకి ఇది బాగా తెలుసు. 1970లలో, 80లలో కాలేజీ కుర్రాళ్ళు యు.ఎస్.ఓ., యు.ఐ. అని చీలిపోయిన కాలంలో సీనియర్ ఏ జట్టయితే జూనియర్ కూడా ఆ జట్టే. ఎవరిని ఎవరు ఎందుకు కొట్టారో తెలియని పిల్లలు కూడా ఆ కోపాన్ని అందుకుని మోశారు. ఆ వైరాలు కాలేజీ గేట్లు దాటి ఊరి రాజకీయంలో కలిశాయి. 1988 డిసెంబరు 26న వంగవీటి మోహన రంగా హత్య, ఆ తర్వాతి రోజుల మంటలు చూసిన ఊరు ఇది. కింది బ్యాచికి అందించాం అన్నంత మాత్రాన ఏదీ ఆచారంగా గౌరవం పొందకూడదని ఇక్కడ ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

లెక్క ఇంత తేలిగ్గా తేలిపోతే ఇక గొడవే లేదు. విందులోనూ వసూలు దాక్కుంటుంది. ఫ్రెషర్స్ డే స్టేజీ మీదికి లాగి "డ్యాన్స్ చెయ్యి" అంటారు. తెలుగు మీడియంలో చదివి అవనిగడ్డ నుంచో కైకలూరు నుంచో వచ్చిన పిల్లని ఇంగ్లీషులో పరిచయం చేసుకోమంటారు. హాలంతా నవ్వుతుంది, అందులో తప్పేముంది, సరదాకే కదా అంటారు. పార్టీ ఇచ్చాం కాబట్టి మా రికార్డులు రాయి, మా ఫెస్టుకి కుర్చీలు మొయ్యి అంటారు. చందా విషయమూ అంతే. మెస్ బిల్లుకే ఇంటికి ఫోన్ చేసే పిల్లవాడి దగ్గర "అందరూ ఇచ్చారు, నువ్వొక్కడివే" అని నిలదీసి తీసుకున్న డబ్బుతో పెట్టే విందు, తినేవాడికి తెలియకపోయినా, ఒకడి నుంచి లాక్కున్నదే. అందుకే నేను చూసే గుర్తు ఒకటే: వద్దు అనగలడా? అన్నాక రేపు క్యాంటీన్లో అదే బల్ల దగ్గర అతనికి చోటు ఉంటుందా? ఉంటే అది పండగ.

ఇదంతా ఎందుకు, పండగలూ వద్దు, సీనియర్లూ వద్దు అనే జవాబు కూడా ఈ ఊళ్ళోనే తయారైంది. గూడవల్లి, నిడమానూరు, ఈడుపుగల్లు, పోరంకి వైపు రెసిడెన్షియల్ ఇంటర్ కాలేజీల్లో మొదటి ఏడు, రెండో ఏడు పిల్లలు పలకరించుకునే వీలే తక్కువ. స్టడీ అవర్లు, వారం వారం పరీక్షలు, ర్యాంకులు. శరన్నవరాత్రుల్లో మూలా నక్షత్రం రోజున ఇంద్రకీలాద్రి మీద అమ్మవారు సరస్వతి అలంకారంలో ఉంటే వేలాది పిల్లలు క్యూలో నిలబడి, ప్రసాదంగా ఇచ్చిన పెన్ను కళ్ళకద్దుకుంటారు. ఆ ఒక్కరోజు కొండ మీద ఊళ్ళోని విద్యార్థిలోకమంతా కనిపిస్తుంది. కానీ ఆ క్యూలో ఎవరి ర్యాంకు వాళ్ళు అడుక్కుంటారు. తల్లిదండ్రుల్ని తప్పు పట్టలేం. ఎకరం అమ్మి ఫీజు కట్టిన కౌతవరం రైతుకి కొడుకు రెండేళ్ళు ఎవరి జోలికీ పోకుండా, ఎవరూ తన జోలికి రాకుండా చదువుకోవడమే క్షేమం అనిపిస్తుంది. ఆ భయం వెనక అతను పేపర్లలో చదివిన వార్తలున్నాయి.

కానీ అక్కడి నుంచి వచ్చేవాడు ఎవరికీ ఏమీ బాకీ లేనివాడిగా బయటికొస్తాడు. నా ర్యాంకు, నా కష్టం, మా నాన్న ఫీజు. ఒకరు తనకి చోటు చూపించిన జ్ఞాపకం గానీ, తను ఒకరికి చూపించిన అనుభవం గానీ లేకుండానే పద్దెనిమిదేళ్ళకి ఇంజనీరింగ్ హాస్టల్లో అడుగు పెడతాడు. మరుసటి ఏడు అతనే సీనియర్. ఏం చెయ్యాలో తెలియదు, అప్పటికి అందినదే అందిస్తాడు. ర్యాగింగ్ భయంతో మూసిన తలుపు రెండేళ్ళు ఆలస్యంగా అదే గదిలోకి తెరుచుకుంటుంది.

గుడివాడ కాలేజీకి అక్కినేని నాగేశ్వరరావు పేరుంది. కాలేజీ మెట్లెక్కని నటుడు ఆ కాలేజీకి విరాళం ఇచ్చాడు. తనకి అందినది తిరిగి ఇవ్వడం ఇందులో లేదు, తనకి అందనిది ఇచ్చాడు. "మాకు జరిగింది కాబట్టి వీళ్ళకూ జరగాలి" అనే వాక్యానికి ఇది ఎదురు వాక్యం: మాకు జరగలేదు కాబట్టి వీళ్ళకి జరగాలి. దీన్నే తిప్పితే ఇంకోటి వస్తుంది: మాకు జరిగింది కాబట్టి వీళ్ళకి జరగకూడదు. ఆచారం పేరుతో అవమానపడ్డ ఏ రెండో ఏడు కుర్రాడికైనా ఈ వాక్యం అందుబాటులోనే ఉంది. చెబితే అతనికి నష్టం కూడా ఉంది. రావలసిన బాకీ వదులుకోవాలి, తను పడ్డది వృథాగా పడ్డానని ఒప్పుకోవాలి. వదులుకోవడం చేతగానితనం అనుకునే వయసు అది. కాలేజీలు నేర్పగలిగిందేదైనా ఉంటే అక్కడ నేర్పాలి.

డెల్టాలో పుట్టినవాళ్ళకి ఈ తేడా కొత్త కాదు. 1855లో ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ పై ఊరు వాడుకుని వదిలితేనే కింది ఊరికి నీళ్ళు, శివారు భూములకి నాట్లు. కింది రైతు ఆ నీళ్ళని పైకి తిరిగి పంపలేడు, తన కిందివాడికి వదలగలడు. మురుగు కాలవా పై నుంచి కిందికే పోతుంది. అయినా ఏ రైతూ పొరపాటున దాన్ని నారుమడిలోకి తిప్పడు.

ఇంజనీరింగ్ కాలేజీల్లో ఆఖరి పరీక్షలయ్యాక హాస్టల్ గదులు ఖాళీ చేస్తున్నప్పుడు ఇంకో చిన్న ఆచారం నడుస్తుంది. దానికి స్టేజీ లేదు, చందా లేదు, నిబంధన లేదు. డ్రాఫ్టరు, ల్యాబు కోటు, బకెట్టు, లావుపాటి మాథ్స్ పుస్తకం కింది క్లాసువాడికి ఇచ్చేసి బస్సెక్కుతారు. ఆ పుస్తకం మొదటి పేజీలో పేర్లుంటాయి, ఒకటి కొట్టేసి దాని కింద ఇంకోటి. కొత్తగా వచ్చినవాడు తన పేరు రాసేటప్పుడు కింద కొంచెం ఖాళీ మిగిలేలా చిన్న అక్షరాలతో రాస్తాడు.