సద్దన్నం సాత్వికమేనా?

భగవద్గీత 17వ అధ్యాయం తిండిని సాత్వికం, రాజసం, తామసం అని మూడుగా విడదీస్తుంది. ఆయువును, బలాన్ని, ఆరోగ్యాన్ని పెంచే రసవంతమైన ఆహారం మొదటిది. మితిమీరిన పులుపు, ఉప్పు, కారం రెండోది. వండి జాము దాటినది, సారం పోయినది, పాచిపోయినది మూడోది. ఈ లెక్కన నెల్లూరు తీరంలోని అల్లూరు వంటిల్లు చిక్కులో పడ్డట్టే. అక్కడి చేపల పులుసుకు పులుపూ కారమే ప్రాణం, పైగా మర్నాటికి గానీ దానికి అసలు రుచి రాదు. సద్దన్నం సరేసరి, రాత్రి మిగిలిన అన్నమే.

అయితే పాచిపోవడం వేరు, పులవడం వేరు. అన్నంలో నీళ్లు పోసి రాత్రంతా మూతపెడితే లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేసే బ్యాక్టీరియా పెరుగుతుంది. ఆ పులుపే కుళ్లబెట్టే క్రిములను అదుపులో ఉంచుతుంది. చల్లారిన అన్నంలోని పిండి పదార్థంలో కొంత భాగం త్వరగా అరగని రూపంలోకి మారుతుంది. ఎండల్లో పొలానికి వెళ్లే మనిషికి నీరు, ఉప్పు, తిండి ఒక్క గిన్నెలోనే అందుతాయి, నంజుకోవడానికి ఉల్లిపాయో పచ్చిమిరపకాయో చాలు. పోతన భాగవతం దశమస్కంధంలో గోపబాలురతో కలిసి కృష్ణుడు ఆరగించింది చల్దులే, అంటే సద్దన్నమే. భగవంతుడు తిన్నదాన్ని తామసమని తోసిపుచ్చడం ఏ వ్యాఖ్యాతకైనా కష్టమే.

పులుసు సంగతీ ఇంతే. చింతపండు రసం మట్టి దాకలో తెర్లాక చేప ముక్కలు జారవిడుస్తారు. ఆపైన గరిటె పెట్టరు, ముక్క చితికిపోతుంది. దాకను రెండు చేతులా పట్టి తిప్పుతారు. చివర్లో పచ్చి మామిడి ముక్కలు, వేయించిన మెంతుల పొడి పడతాయి. రాత్రి గడిచేసరికి పులుపు, కారం ముక్క లోపలిదాకా పడతాయి. ఆ పులుపు వల్లే కూర అంత త్వరగా చెడదు.

ఏ నెలలో ఏం తినాలో ఇక్కడ వానా, సముద్రమూ చెబుతాయి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, చేపలు గుడ్లు పెట్టే కాలమని, తూర్పు తీరంలో మరపడవల వేట ఆపేస్తారు. ఆ 61 రోజులూ చెరువు చేప, ఎండుచేప దిక్కు. సరిగ్గా మామిడికాయ దొరికేదీ అప్పుడే, కొత్త చింతపండు ఇంటికి చేరేదీ ఆ ముందే. కార్తీకంలో చాలా ఇళ్లలో నీసు ముట్టరు. అది బంగాళాఖాతంలో తుపాన్లు లేచే కాలం కూడా.

వరి తీరూ వేరే. నెల్లూరుకు ఎక్కువ వాన ఈశాన్య రుతుపవనాలదే కాబట్టి పెద్ద పంట ఆలస్యంగా పడుతుంది. సంక్రాంతికి గోదావరి, కృష్ణా డెల్టాల్లో కొత్త బియ్యంతో పొంగలి పొంగుతుంటే నెల్లూరు మాగాణిలో పైరు ఇంకా పచ్చగానే ఉంటుంది. ఇక్కడి కోతలు ఉగాది అటూ ఇటూగా. ఒకప్పుడు ఈ నేలకు పేరు తెచ్చిన మొలగొలుకులు ఎక్కువ కాలం పండే పొడుగు వరి. తక్కువ రోజుల్లో చేతికొచ్చే రకాలు దాన్ని పక్కకు నెట్టాయి. నెల్లూరు మసూరిగా పిలిచే ఎన్.ఎల్.ఆర్. 34449 అలాంటిదే. దంపుడు బియ్యం పోయి తెల్లగా పాలిష్ పట్టిన బియ్యం రావడంతో తవుడులోని బి విటమిన్లు పశువుల పాలయ్యాయి. ఇది మాత్రం నోటి రుచి కోసం చేసుకున్న నష్టం.

తైత్తిరీయోపనిషత్తు భృగువల్లిలో, తపస్సు చేసిన భృగువు మొట్టమొదట బ్రహ్మమని గుర్తించింది అన్నాన్నే. ఆపైన వ్రతాలు చెబుతుంది: అన్నాన్ని నిందించకూడదు, కాదనకూడదు, విస్తారంగా పండించాలి. సద్దన్నం తినే ఇల్లు మొదటి రెండూ తెలియకుండానే పాటిస్తోంది. మూడోదానికే తీరంలో చిక్కు వచ్చింది. 1990ల నుంచి వరి మళ్లు రొయ్యల గుంటలయ్యాయి, ఉప్పునీరు పక్క పొలాల్లోకి, తాగునీటి బావుల్లోకి ఊరింది. వ్యవసాయ భూములను, ఉప్పుమళ్లను రొయ్యల చెరువులుగా మార్చరాదని 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2005లో వచ్చిన కోస్తా ఆక్వాకల్చర్ చట్టం రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసి సాగుకు దారి వదిలింది. గుంటల్లో పెరిగే రొయ్య ఎక్కువగా విదేశాలకే పోతుంది, ఉప్పదనం మాత్రం ఊళ్లోనే ఉంటుంది.