తీసుకునే తూకం, ఇచ్చే తూకం



2025 ఆగస్టులో జన్ విశ్వాస్ సవరణ బిల్లు లోక్‌సభ ముందుకు వచ్చింది. అనేక చట్టాల్లోని చిన్న నేరాలకు శిక్షలు తగ్గించడం దాని ఉద్దేశం. 2009 నాటి తూనికలు, కొలతల చట్టం కూడా అందులో ఉంది. ప్రామాణికం కాని తూనికరాయినో, కొలపాత్రనో వాడుతూ మొదటిసారి పట్టుబడిన వర్తకునికి జరిమానా బదులు, సరిచేసుకోమని నోటీసు ఇస్తే చాలునని బిల్లు ప్రతిపాదించింది. సభ దాన్ని సెలెక్ట్ కమిటీ పరిశీలనకు పంపింది.

చిన్న వర్తకుణ్ణి వేధింపుల నుంచి కాపాడాలన్నది ఒక వాదన. భయం పోతే మోసం పెరుగుతుందన్నది మరో వాదన. రెండూ కొట్టిపారేయదగినవి కావు. రాయి అరిగిన సంగతి తెలియని బడ్డీకొట్టువాడూ, తెలిసి దాన్ని వాడేవాడూ ఒకటి కాదు. ఆ తేడా అధికారికి తెలియకపోవచ్చు. అల్లాహ్‌కు తెలుసు.

దివ్యఖుర్ఆన్‌లో 83వ సూరా పేరే 'ముతఫ్ఫిఫీన్'. అంటే కొలతల్లో, తూనికల్లో కాస్త కాస్త తగ్గించేవారని అర్థం. గమనించండి, దారిదోపిడీ చేసేవారి గురించి కాదు ఆ మాట. పిడికెడు, చిటికెడు కాజేసేవారి గురించి. తమకు రావలసింది నిండుగా కొలిపించుకుంటారు, ఇతరులకు ఇవ్వవలసి వస్తే తగ్గించి ఇస్తారు. వారికి వినాశం తప్పదని అల్లాహ్ హెచ్చరించాడు. హజ్రత్ షుఐబ్ (అలైహి) మద్‌యన్ ప్రజలకు ఏకదైవారాధన బోధిస్తూ, ఆ వెంటనే చెప్పిన మాట కూడా తూకం గురించే.

దైవప్రవక్త (సఅసం) మదీనా వచ్చేనాటికి అక్కడివారు కొలతల్లో చాలా చెడ్డగా ఉండేవారనీ, ఈ సూరా అవతరించాక సరిగా కొలవసాగారనీ హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) తెలిపారు. జరిమానా ప్రస్తావన ఆ ఉల్లేఖనంలో లేదు. అలాగని చట్టం అక్కర్లేదని కాదు. తర్వాతి కాలపు ముస్లిం నగరాల్లో ముహ్తసిబ్ అనే అధికారి బజారులో తిరిగి త్రాసులు తనిఖీ చేసేవాడు.

మన ఊళ్ళ సంగతి చూద్దాం. ధాన్యం అమ్మే రైతు దగ్గర తేమ అనీ, తాలు అనీ బస్తాకు ఇంత తరుగు తీస్తారు. నిజంగా ఉన్న తేమకు తీస్తే తప్పు లేదు. ఎండిన ధాన్యానికీ అదే తరుగు తీస్తే? ఆ కొన్నవాడే బియ్యం అమ్మేటప్పుడు గింజ ఎక్కువ పోనివ్వడు. మిఠాయితో పాటు అట్టపెట్టె తూచడం, మాంసం తూచేటప్పుడు ముల్లు నిలవకముందే తీసెయ్యడం మనం ఎరగనివేమీ కావు. ఈ పనులు చేసేవారిలో మనవాళ్ళు లేరని మాత్రం అనుకోవద్దు. పక్కింటి నుంచి గ్లాసు నిండా తెచ్చిన బియ్యాన్ని వెలితిగా తిరిగివ్వడం కూడా ఈ కోవలోదే.

దైవప్రవక్త (సఅసం) ఒకసారి బట్ట బేరమాడి, అక్కడ కూలికి తూచే మనిషితో, తూచు, కాస్త మొగ్గేలా తూచు అన్నారు. ఆ తూకం తాము చెల్లించవలసిన వెలకు. అంటే మొగ్గు అమ్మినవాని వైపు వెళ్ళింది.

ఇక అసలు కష్టం. తగ్గిన తూకం దాసుల హక్కు. నమాజు, ఉపవాసాలు, మసీదుకిచ్చిన చందా దాన్ని తీర్చవు. ప్రళయదినాన నమాజులతో వచ్చి కూడా, ఇతరుల సొమ్ము తిన్న కారణంగా పుణ్యాలన్నీ వారికి చెల్లించి దివాలా తీసేవాని గురించి దైవప్రవక్త (సఅసం) చెప్పారు. పదేళ్ళుగా తగ్గించి తూచినవాడు ఏం చేయాలి? తెలిసినవారికి తిరిగివ్వాలి, లేదా క్షమాపణ కోరి మాఫీ చేయించుకోవాలి. ఎవరో తెలియనివారి వాటాను అంచనా వేసి, తనకు పుణ్యం ఆశించకుండా, వారి పేరిట పేదలకు దానం చేయాలని పండితులు చెబుతారు. అంచనా వేసేటప్పుడు ఎక్కువ వైపే మొగ్గాలి.

ఎలక్ట్రానిక్ కాటాకు ఏటా ప్రభుత్వ తనిఖీ, ముద్ర ఉండాలి. దుకాణమున్న సోదరులు రేపు ఉదయం షట్టరు ఎత్తగానే ఆ ముద్ర మీద సంవత్సరం చూసుకోండి.