పని కోసం పేరు దాచుకోవాలా?



బెజవాడలో పని అడగబోతే ముందు ఊరు, ఆ వెంటనే ఇంటిపేరు అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. అప్పుడు పేరు మార్చి చెబితే తప్పా?

1917లో బరోడా కొలువులో చేరిన బాబాసాహెబ్‌కి ఉండటానికి చోటు దొరకలేదు. పార్సీ పేరుతో పార్సీల సత్రంలో దిగారు. సంగతి తెలిసి కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. బొంబాయి తిరిగొచ్చి ఊరికే కూర్చోలేదు. ట్యూషన్లు చెప్పారు, షేర్ల మీద సలహాలిచ్చే పని పెట్టారు. కులం తెలిసి వచ్చేవాళ్లు మానేశారు. అయినా 1918లో సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసరయ్యారు.

భయంతో పేరు దాచినవాణ్ణి నేను తప్పుపట్టను. సిగ్గుపడాల్సింది అడిగినవాడు. కానీ దాచి తెచ్చుకున్న పనిలో రోజూ భయమే కదా!

తథాగతుడు ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు, విషం అమ్మి బతకొద్దన్నాడు. పని ఎలాంటిదని చూశాడు గానీ, చేసేది ఎవరని అడగలేదు. సమ్యక్ ఆజీవం అంటే అదే.

కాబట్టి మీరూ పనితనాన్నే ముందు పెట్టండి. ఆటోనగర్ షెడ్డుకెళ్లి, "ఒకరోజు కూలిచ్చి నా పని చూడండి" అనండి. ఊరికే మాత్రం చేయొద్దు. వెట్టి మన తాతలతోనే పోవాలి. పేరడిగితే తలెత్తి చెప్పండి.

జై భీమ్! నమో బుద్ధాయ!