చెప్పిన మాట ఎవరి దగ్గర ఉండాలి?

న్యాయసూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడు ఒకచోట చిన్న వాదాన్ని ఉదాహరణగా చూపిస్తాడు. శబ్దం అనిత్యం, ఎందుకంటే అది ఇంద్రియాలకు తెలిసేది, అంటాడు ఒకడు. ఇంద్రియాలకు తెలిసే సామాన్యం (ఒక రకం వస్తువులన్నిటికీ ఉమ్మడిగా ఉండే జాతి లక్షణం) నిత్యమే కదా, మరి దాని సంగతేమిటని ఎదుటివాడు అడ్డు తగులుతాడు. దాంతో మొదటివాడు ప్లేటు ఫిరాయిస్తాడు. శబ్దం అనిత్యమని అసలు అన్నదెవరు, అంటాడు. ఈ ఫిరాయింపు పేరు ప్రతిజ్ఞాసన్న్యాసం. వాదంలో ఓడినట్టు లెక్కగట్టే 22 నిగ్రహస్థానాల్లో ఇదొకటి. అయితే ఈ తప్పును పట్టుకోవాలంటే ముందు అతను ఏమన్నాడో వినేవాళ్ల దగ్గర భద్రంగా ఉండాలి. లేకపోతే తర్కశాస్త్రమంతా తెలిసినా ఏం లాభం లేదు. ఇదే చిక్కు ఇంటర్నెట్టులోనూ ఉంది. ఒకే అభిరుచి ఉన్న నలుగురు అక్కడ మాట్లాడుకోవడానికి మెయిలింగ్ లిస్టు మంచిదా, ఫోరం మంచిదా అన్న చర్చను చాలామంది సదుపాయాల లెక్కగానే చూస్తారు. ఏది చూడ్డానికి బాగుంది, ఎందులో వెతకడం తేలిక అని అడుగుతారు. నా దృష్టిలో అది అంతకన్నా పాత ప్రశ్న. అన్న మాట ఆ తర్వాత ఎవరి అధీనంలో ఉండాలి?

రెండూ పనిచేసే తీరు వేరు. లిస్టులో ఒక చిరునామాకు ఉత్తరం రాస్తే దాని ప్రతి సభ్యులందరి మెయిలుకూ చేరుతుంది. ఫోరంలో మాట ఒకే చోట ఉంటుంది, కావలసినవాళ్లు అక్కడికి వెళ్లి చదువుకుంటారు. తెలుగువాళ్లకు మొదటి పద్ధతి బాగా తెలుసు. 1990లలో, ఆ తర్వాత కొన్నేళ్లు, అమెరికాలోనూ ఇక్కడా ఉన్న సాహిత్యాభిమానులు తెలుసా, రచ్చబండ, ఛందస్సు వంటి ఈమెయిలు గుంపుల్లో మాట్లాడుకున్నారు. కంప్యూటరులో తెలుగు లిపి కుదరని మొదటి రోజుల్లో ఆర్‌టీఎస్ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు రాసుకున్నారు. నలుగురూ వెళ్లి కూర్చునే చోటి పేరు పెట్టుకున్న రచ్చబండలో కూడా మాటే ఇల్లిల్లూ తిరిగింది తప్ప మనుషులు ఎక్కడికీ కదలలేదు. అలాంటి ఉత్తరాల్లో జవాబు రాసే మర్యాద ఒకటి ఉండేది. ఎదుటివారి వాక్యాన్ని పైన ఉంచి, దాని ముందు బాణం గుర్తు పెట్టి, కింద తమ మాట రాయడం. ఉదాహరణకు, కందపద్యంలో బేసి గణంగా జగణం రాకూడదు కదా. ఎవరి పద్యంలోనైనా అలా పడితే ఆ పాదాన్ని ఉన్నదున్నట్టు పైకి తెచ్చి, సరిగ్గా దాని కిందే తప్పు చూపించవచ్చు. మొత్తం పద్యం బాలేదనే గాలి మాటకు అక్కడ చోటు తక్కువ.

ఇది న్యాయశాస్త్రం అడిగే నియమమే. సభకు అర్థమయ్యేలా మూడుసార్లు చెప్పిన ఎదుటివారి మాటను తిరిగి అనలేకపోతే అననుభాషణం, అదీ నిగ్రహస్థానమే. ఫోరంలోనూ కోట్ చేసే బటను ఉంది కదా అనవచ్చు. ఉంది, ఆ మేరకు రెండూ సమానమే. తేడా ఆ తర్వాత వస్తుంది. ఫోరంలో నేను మీ వాక్యాన్ని ఎత్తి చూపించాక కూడా మీరు వెనక్కి వెళ్లి అసలు పోస్టును దిద్దవచ్చు, తీసేయవచ్చు. అప్పుడు నా జవాబు ఎవరూ అనని మాటను ఖండిస్తున్నట్టు కనిపిస్తుంది. వాత్స్యాయనుడి వాది నోటితో చేసిన పనిని ఇక్కడ ఒక బటను చేసిపెడుతుంది. లిస్టులో ఆ దారి లేదు. పంపిన ఉత్తరం అందరి ఇళ్లకూ చేరిపోయింది. కాదంటే నలుగురూ తమ తమ ప్రతులు తీసి చూపిస్తారు. దిద్దుబాట్ల చరిత్రను భద్రపరిచి చూపించే ఫోరాలూ ఉన్నాయి, నిజమే. కానీ ఆ చరిత్ర స్థలం సొంతదారు చూపించినంత కాలమే కనిపిస్తుంది. మాట మీద అన్నవాడికీ విన్నవాడికీ హక్కుందని ఒప్పుకుంటే, ఫోరం వాళ్లిద్దరి మధ్య మూడో హక్కుదారును తెచ్చి కూర్చోబెడుతుంది. పైగా అతనిదే పెద్ద హక్కు.

ఆ హక్కు ఎంత పెద్దదో యాహూ గ్రూప్స్ ముగింపులో తేలింది. యాహూ గ్రూప్స్ సగం లిస్టు, సగం ఫోరం. ఉత్తరాలు మెయిలుకూ వచ్చేవి, సైటులోనూ నిలవుండేవి. 2019 అక్టోబరులో యాహూ ఆ సైటులోని సరుకంతా తీసేస్తామని ప్రకటించింది. డిసెంబరు 14 గడువు పెట్టి, తమ డేటా దించుకునేవాళ్ల కోసం దాన్ని మరికొన్నాళ్లు పొడిగించింది. సైటులో దాచిన ఉత్తరాలు, ఫైళ్లు, ఫొటోలు పోయాయి. ఉత్తరాలు పంచే పని మాత్రం 2020 డిసెంబరు 15 దాకా నడిచింది. ఒకే సంస్థ చేతిలో, ఒకే గుంపుకు, స్థలం ముందు పోయింది, ఉత్తరం దాదాపు ఏడాది తర్వాత పోయింది. అప్పటికే ఇళ్లకు చేరిన ప్రతుల జోలికి ఆ నిర్ణయం వెళ్లలేకపోయింది.

ఇళ్లలో చెల్లాచెదురుగా పడి ఉన్న ప్రతులు ఒక సమూహానికి జ్ఞాపకం ఎలా అవుతాయి? ఇది గట్టి అభ్యంతరం, దీన్ని తేలిగ్గా దాటేయకూడదు. మన సాహిత్యంలోనే దీనికి రెండు వైపులా సాక్ష్యం ఉంది. అన్నమయ్య సంకీర్తనలు రాగిరేకుల మీదకెక్కి తిరుమల ఆలయంలో ఒక అరలో మూతబడి ఉన్నాయి. 32 వేలు రాశాడని ప్రతీతి, దొరికినవి అందులో సగం కూడా లేవు. దొరికినవాటి పాఠం మాత్రం రాగి మీద నిలిచింది. అయితే ఇరవయ్యో శతాబ్దంలో వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు పరిష్కరించి బయటికి తెచ్చేదాకా వాటిలో ఎక్కువభాగం జనం చెవిన పడలేదు. వేమన పద్యాలది ఎదురు కథ. అవి ఊరూరా నోళ్లలో, తాటాకుల్లో బతికాయి. సి.పి. బ్రౌన్ రకరకాల ప్రతులు పోగేసి 1829లో ఒక సంకలనం వేయగలిగాడు. ఎవరూ వాటిని అరలో పెట్టి తాళం వేయలేకపోయారు. బదులుగా ఏది వేమనది, ఏది వేమన పేరుతో ఇంకొకరు కట్టింది అన్న తగువు ఇప్పటికీ తీరలేదు. ఒక్కచోట ఉంచితే పాఠం నిలుస్తుంది, జనానికి దూరమయ్యే ప్రమాదం ఉంది. పంచితే జనంలో ఉంటుంది, పాఠం చెదురుతుంది. ఈమెయిలు ఈ లెక్కను కొంత మారుస్తుంది. ప్రతి ఇంటికీ వెళ్లే ప్రతిలో అక్షరం తేడా ఉండదు గనక వేమనకు పట్టిన పాఠాంతరాల బెడద దానికి లేదు.

నిన్న చేరిన సభ్యుడికి మొన్నటి ఉత్తరాలు అందవన్న లోటు మాత్రం మిగిలే ఉంది. ఫోరం ఇక్కడ నిజంగా మెరుగు. పదేళ్ల కిందటి థ్రెడ్ కూడా కొత్తవాడి కళ్ల ముందే ఉంటుంది, అడిగిందే అడగనక్కర్లేదు. దీనికి లైనక్స్ కెర్నల్ లిస్టు ఒక దారి చూపించింది. లైనక్స్ 1991లో ఒక విద్యార్థి సరదాగా మొదలుపెట్టిన ఆపరేటింగ్ సిస్టం. ఇప్పుడది ప్రపంచంలోని సర్వర్లలో చాలావాటిని నడుపుతోంది, దాని చర్చలు మాత్రం ఈనాటికీ మామూలు ఈమెయిళ్లలోనే సాగుతున్నాయి. పాత ఉత్తరాలు ఒకటి కన్నా ఎక్కువ చోట్ల నిలవున్నాయి. కావలసినవాళ్లు మొత్తం నిలవను తమ కంప్యూటరుకు దించుకోవచ్చు కూడా. అంటే ముందు మాట పంచారు, ఆ తర్వాత దానికి అరలు కట్టారు. కట్టిన అర ఒకటి కూలినా ఇంకోటి ఉంటుంది.

మరో అభ్యంతరం నైతికమైంది. కోపంలో జారిన మాటను వెనక్కి తీసుకునే వీలు మనిషికి ఉండొద్దా అని. అభిప్రాయం మార్చుకోవడం వేరు, అనలేదనడం వేరు. తత్త్వం తెలుసుకోవాలని వాదానికి దిగినవాడు తన పక్షం వదులుకోవచ్చు, ప్రతిజ్ఞాసన్న్యాసం పట్టుకునేది బొంకినవాణ్ణి. నిన్న అన్నది పొరపాటని ఇంకో ఉత్తరం రాస్తే లిస్టు దాన్నీ అందరికీ చేరుస్తుంది. నిన్నటి మాట, నేటి దిద్దుబాటు పక్కపక్కనే ఉండటం వల్ల ఎవరి పరువూ పోదు. కానీ ఒకరి ఫోన్ నంబరో, ఇంటి గుట్టో, ఒక వర్గం మీద దూషణో బయటపడినప్పుడు ఈ సమాధానం చాలదు. అక్కడ తీసేయడమే ధర్మం, ఆ పని లిస్టు చేయలేదు, ఫోరం చేయగలదు. నా వాదం ఇక్కడ ఆగిపోతుంది.

అందుకే ఏ గుంపుకు ఏది అన్న ప్రశ్నకు ఆయుర్వేదం చెప్పిన చరకుడి దగ్గర మంచి కొలత దొరుకుతుంది. ఒకే విద్య తెలిసినవాళ్ల సంభాషణను ఆయన రెండుగా విడదీశాడు. సంధాయ సంభాష స్నేహంగా సాగేది, విగృహ్య సంభాష పోటీకి దిగేది. దిగేముందు సభను పరీక్షించమన్నాడు. తెలిసినవాళ్లదా తెలియనివాళ్లదా, అనుకూలమా, ప్రతికూలమా, తటస్థమా అని. ముక్కూ మొహం తెలియని జనం వచ్చిపోయే చోట మోడరేటరు, తలుపు, గడియ ఉన్న ఫోరమే మేలు. న్యాయసూత్రాలు వాదానికి తగినవాళ్లుగా గురువును, శిష్యుణ్ణి, సహాధ్యాయిని, శ్రేయస్సు వెతుక్కునే అసూయలేనివాళ్లను చెబుతాయి. పద్యాలు, పాతనాణేలు, పక్షులు, హామ్ రేడియో వంటి వాటి మీద కలిసే చిన్న గుంపులు చాలావరకు ఈ కోవలోవే.

పిలవకుండా ఇంట్లోకి వచ్చే మెయిళ్ల రద్దీ గురించి విసుక్కునేవాళ్లు ఉన్నారు. రోజంతటి ఉత్తరాలను ఒకే కట్టగా తెప్పించుకునే ఏర్పాటు చాలా లిస్టుల్లో ఉంది. అదలా ఉంచితే, ఆ భారం వల్ల ఒక మేలూ ఉంది. నా మాట అందరి ఇంటి తలుపూ తడుతుందని తెలిస్తే పంపేముందు చెయ్యి కాస్త ఆగుతుంది. ఫోరంలో పోస్టుల లెక్క, నక్షత్రాలు, లైకులు పేరు పక్కనే వేలాడుతుంటాయి. చూసేవాళ్ల మెప్పు కోసం మాట్లాడితే వాదం గెలుపే ధ్యేయమైన జల్పంలోకి, కొందరి చేతిలో సొంత పక్షమే లేని వితండంలోకి దిగజారుతుంది. లిస్టుల్లో తిట్లపురాణాలు జరగలేదని కాదు, మొదటి నుంచీ జరిగాయి. ఉత్తరం ఎవరినీ అసూయలేనివాణ్ణి చేయదు. చేతిలో రబ్బరు పెట్టదు, అంతే.

ఇప్పుడు ఈ గుంపుల్లో చాలామటుకు వాట్సాప్‌కు మారాయి. అది మూడో రకం. ప్రతి అందరి ఫోన్లకూ వస్తుంది, కొత్తగా చేరినవాడికి పాతది చాలావరకు దొరకదు, అక్కడిదాకా లిస్టులాంటిదే. కానీ 2017 నుంచి పంపినవాడు కొంత గడువులోపు అందరి ఫోన్లలోంచీ తన సందేశాన్ని తీసేయగలుగుతున్నాడు, 2023 నుంచి పదిహేను నిమిషాల్లోపు దిద్దుకోగలుగుతున్నాడు. తీసేసినచోట ఒక గుర్తు మిగులుతుంది. ఏదో అన్నాడన్న సంగతి మాత్రమే అది చెబుతుంది, ఏమన్నాడో చెప్పదు. ఫోరంలో అన్నవాడు చెరిపేది బయటి గోడ మీది రాత, ఇక్కడ చెరిపేది విన్నవాడి ఇంట్లో, అతని అనుమతి అడగకుండా.