మింగడమూ పనే

శ్రీనూ,

పెళ్ళిలో భోజనాల వేళకి నువ్వు వెళ్ళి కారులో కూర్చున్నావు. చూశాను, అడగలేదు. నలుగురిలో పొలమారితే ఎలా అన్న భయం నాకు కొత్త కాదు. నేనూ చాలాకాలం పెరట్లోనే తిన్నాను.

మనలాంటి గొంతు క్యాన్సర్ వాళ్ళకి మామూలుగా 7 వారాల్లో 35 సిట్టింగుల రేడియేషన్ ఇస్తారు. సగమయ్యేసరికి నోరంతా పూసి, ఉమ్మి మింగడమే నరకం. పొట్టకి ట్యూబు వేశాక ప్రాణం లేచొచ్చింది. పాలూ జావా అందులోంచే పోయేవి. ట్యూబున్నా మింగగలిగినంత రోజూ మింగుతూనే ఉండాలని అప్పట్లో ఎవరూ చెప్పలేదు. పని లేని కండరం బక్కచిక్కుతుంది, రేడియేషన్ తగిలిన కండ గట్టిపడుతుంది. ట్యూబు తీసేనాటికి నా గొంతు ఎండలో పారేసిన తోలుచెప్పులా బిగుసుకుపోయింది. ఇప్పటికీ గారె నాకు చూసి ఆనందించే వస్తువే.

మీ నాన్నా నేనూ తాటితోపులో పందెం వేసుకుని ముంజలు మింగేవాళ్ళం. నమిలినవాడు ఓడినట్టు! మీ తాత కర్ర పట్టుకొచ్చేదాకా అదే పని. గొంతనేది ఒకటుందని అప్పుడెవరికి తెలుసు?

ఇప్పటి విందులు మరీ చోద్యం. ప్లేటు చేత్తో పట్టుకుని, నిలబడి, ఫోను చూస్తూ తినడం. మనకి ఆ సరదాలు కుదరవు. నిటారుగా కూర్చో, మాట్లాడకుండా తిను.

సరే, విను. ఈ వారమే స్పీచ్ థెరపిస్ట్ దగ్గరికి వెళ్ళు. మాట బాగానే ఉందిగా అనకు, మింగడం నేర్పేదీ వాళ్ళే. బేరియం కలిపినవి మింగిస్తూ తీసే ఎక్స్‌రే వీడియో సంగతి అడుగు. రేడియేషన్ తర్వాత మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోయినా కొందరికి దగ్గే రాదు, న్యుమోనియా వచ్చాకే తెలుస్తుంది. ఏది తినాలో, గడ్డం వంచాలో వద్దో అది చూసి వాళ్ళు చెప్పాలి. అందాకా సొంత ప్రయోగాలొద్దు. నీళ్ళే సులువనుకుంటాం గానీ, చాలామందికి పల్చటివే ముందు దారి తప్పుతాయి. నాలుక కొస పళ్ళ మధ్య పట్టుకుని వట్టి గుటక వెయ్యమంటారు, పడుకుని తల ఎత్తి కాలివేళ్ళు చూడమంటారు. నవ్వొచ్చినా చెయ్యి, ట్యూబు తీశాక కూడా మానకు. గొంతు ఏళ్ళు గడిచాక కూడా బిగుస్తుంది.

నోట్లో మూడు వేళ్ళు నిలువుగా పట్టకపోతే దాచకుండా థెరపిస్టుకి చెప్పు. పన్ను పీకించాల్సొస్తే రేడియేషన్ సంగతి ముందే చెప్పు, లేకపోతే దవడ ఎముక మానక ఏడిపించొచ్చు.

ఫీజు నేను చూసుకుంటాను, మీ నాన్నతో అనకు. ఏ రోజుకి టైమిచ్చారో శుక్రవారంలోగా ఫోన్ చెయ్యి.

మీ పెదనాన్న