కాలకృతం, అకాలకృతం

సుశ్రుత సంహిత సూత్రస్థానం ఆకలి, దప్పిక, నిద్ర, ముసలితనం, మరణం వంటివాటిని స్వభావ వ్యాధులుగా లెక్కించి, ఎంత కాపాడుకున్నా వచ్చి తీరేవాటిని కాలకృతాలని, కాపాడుకోకపోవడం వల్ల వచ్చేవాటిని అకాలకృతాలని వేరు చేసింది. మలివయసులో పురుషులకు ప్రోస్టేట్ గ్రంథి పెరగడం ఈ రెంటిలో దేనికి చెందుతుందన్నది వైద్యశాస్త్రంతో తీరిపోయే ప్రశ్న కాదు. "వయసు మీద పడింది, భరించాల్సిందే" అనే మాట వైరాగ్యమా, కేవలం అలక్ష్యమా అన్న ధర్మవిచారణ కూడా అందులో ఉంది.

మూత్రాశయం కింద మూత్రనాళాన్ని చుట్టుకొని ఉండే ఈ గ్రంథి వయసుతో పాటు ఉబ్బి నాళాన్ని నొక్కుతుంది; ధార సన్నబడుతుంది, రాత్రి పదేపదే లేవాల్సి వస్తుంది, మూత్రానికి వెళ్లి వచ్చినా ఇంకా మిగిలినట్టే ఉంటుంది. దీన్ని పోలినదే, గుదానికీ మూత్రాశయానికీ నడుమ రాయిలా గట్టిపడి మూత్రాన్ని అడ్డగించే "అష్ఠీల"ను అదే సంహిత ఉత్తరతంత్రం పన్నెండు మూత్రాఘాతాలలో, అంటే మూత్రం ఆగిపోయే వ్యాధులలో, ఒకటిగా చెప్పింది.

బీదరు సరిహద్దుకు చేరువలో ఉండి, హిందువులు, ముస్లింలు, లింగాయతులు కలిసి బతికే జహీరాబాదు వంటి ఊళ్లో ఈ బాధకు శౌచమనే మరో బరువు తోడవుతుంది. వ్రతం పీట మీద కూర్చోవాల్సిన పెద్దాయన పొద్దుటి నుంచి మంచినీళ్లు మానేస్తాడు. నమాజుకు వెళ్లాల్సినవాడు బట్ట తడిసిందేమోనన్న అనుమానంతో ఇంట్లోనే ఉండిపోతాడు. నిజానికి ఏ సంప్రదాయమూ ఆ ముసలివాడిని గడప బయట నిలబెట్టలేదు. ఎడతెగక మూత్రం కారేవాడిని హనఫీ ధర్మశాస్త్రం "మాజూర్"గా, అంటే మన్నింపు గలవాడిగా, గుర్తించి, ప్రతి నమాజు వేళకూ కొత్తగా వజూ (ప్రార్థనకు ముందు చేసే శుద్ధి) చేసుకుంటే చాలని, ఆ వేళలోపు కారినా వజూ చెడదని చెప్పింది. స్మృతికారులు ఆతురునికి, అంటే రోగంతో బాధపడేవాడికి, నియమాలను సడలించారు; 12వ శతాబ్దంలో కల్యాణ నగరంలో బసవేశ్వరుని వెంట నడిచిన శరణులైతే సూతకాలనే, అంటే మైల పట్టింపులనే, నిరాకరించారు. కనుక ఆ సిగ్గు శాస్త్రాలు పెట్టినది కాదు, మనుషులు పెట్టినది. దాన్ని మోయమని ఒక వృద్ధుణ్ణి వదిలేయడం అన్యాయం.

చికిత్సకు కత్తి భయం మరో అడ్డు. కత్తి పెట్టనక్కరలేని హిస్టోట్రిప్సీ అనే పద్ధతిలో శరీరం బయటి నుంచి కేంద్రీకరించిన అల్ట్రాసౌండ్ తరంగాలు కణజాలంలో సూక్ష్మ బుడగలను పుట్టించగా, అవి ఉబ్బి పగిలే బలానికి కణాలు వేడి అవసరం లేకుండానే చితికిపోతాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2023లో దీన్ని కాలేయ కణుతులకు అనుమతించింది. ప్రోస్టేట్ మీద మనుషులలో జరిగిన తొలి పరీక్షలో బాధ కొంత తగ్గినా గ్రంథి పరిమాణం చెప్పుకోదగినంత తగ్గలేదు. ఆశ పెట్టుకోదగినదే అయినా, దాని కోసం ఆగడం వేరే సంగతి. గ్రంథి పెరగడం కాలకృతమే కావచ్చు. నిలిచిపోయిన మూత్రం వెనక్కి ఒత్తి మూత్రపిండాలను చెడగొట్టడం మాత్రం, మాత్రలూ మూత్రనాళం గుండా చేసే శస్త్రచికిత్సా అందుబాటులో ఉన్న ఈనాడు, నిస్సందేహంగా అకాలకృతం.