నాన్నగారు రకాతులు మరచిపోతుంటే...



నాలుగు రకాతుల నమాజును రెండు రకాతులకే ముగించి సలాం చెప్పిన సంఘటన దైవప్రవక్త (స) జీవితంలోనే ఉంది. జుల్ యదైన్ అనే సహచరుడు గుర్తుచేయగా ఆయన మిగిలిన రకాతులు పూర్తిచేసి, సహూ సజ్దాలు చేశారు. మరపు మానవ సహజం. కళ్ళజోడు ఎక్కడో పెట్టి వెతుక్కోవడం, పేరు గుర్తురాక కాసేపటికి గుర్తురావడం వయసుతో వచ్చేవే.

అయితే మరో మరపు ఉంది. అన్నీ తెలిసిన మనిషి ఏమీ తెలియని స్థితికి చేరే వార్ధక్యాన్ని నహ్ల్ సూరా 70వ ఆయతులో, హజ్ సూరా 5వ ఆయతులో అల్లాహ్ ప్రస్తావించాడు. ఆ దశ నుండి దైవప్రవక్త (స) శరణు వేడుకునేవారు. మెదడు క్రమంగా దెబ్బతిని వచ్చే ఇటువంటి స్థితిని వైద్యులు డిమెన్షియా అంటారు. 2023లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం మన దేశంలో 60 ఏళ్ళు దాటినవారిలో 7.4 శాతం మంది, అంటే దాదాపు 88 లక్షల మంది దీనితో బాధపడుతున్నారు. మన ఇళ్ళలో మాత్రం ఉర్దూలో "సఠియా గయే" అనీ, తెలుగులో "చాదస్తం" అనీ నవ్వి ఊరుకుంటాం.

నవ్వకుండా గమనించండి. అసర్ చదివి వచ్చిన పది నిమిషాలకే "అసర్ అజాన్ అయిందా?" అని మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారా? కౌలు డబ్బు నోటిలెక్కతో తేల్చే మనిషి ఇప్పుడు చిల్లర దగ్గర తడబడుతున్నారా? తెనాలి నుండి రేపల్లె బండిలో వచ్చి, వేమూరు స్టేషన్లో దిగి, ఏళ్ళ తరబడి నడిచిన దారిలోనే ఎటు వెళ్ళాలో తెలియక నిలబడిపోయారా? అమ్మ తాళాలు బియ్యం డబ్బాలో పెట్టి, కోడలు దొంగిలించిందని అంటున్నారా? (ఈ ఒక్క మాటతో ఎన్ని కాపురాల్లో కలతలు రేగాయో! అది ఆమె గుణం కాదు, జబ్బు.)

చాలామంది మోసపోయేది ఇక్కడే: "ఫాతిహా తడబడకుండా చదువుతున్నారు కదా, ఇంకేం జబ్బు?" చిన్ననాడు కంఠస్థం చేసినది చాలాకాలం నిలుస్తుంది. నిలవనిది ఈ ఉదయం జరిగినది.

ప్రతి మరపూ డిమెన్షియా కాదు. థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ లోపం, దిగులు, కొన్ని నిద్రమాత్రలు, పడినప్పుడు తలకు తగిలిన దెబ్బ కూడా మతిని మందగింపజేస్తాయి. వీటిలో చాలావాటికి చికిత్స ఉంది. అందుకే తాయెత్తు కట్టించి కూర్చోకుండా వైద్యునికి చూపించాలి. గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో నరాల వైద్య విభాగం ఉంది. వృద్ధుల సహాయవాణి నంబరు 14567.

ఒక ఆసక్తికరమైన విషయం. హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు భాషలు మాట్లాడేవారికి ఈ వ్యాధి సుమారు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైందని తేలింది. చదువురానివారిలోనూ తేడా కనిపించింది. ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు మాట్లాడే మన పెద్దలతో రెండింటిలోనూ మాట్లాడుతూ ఉండండి.

ఇక ఆస్తి సంగతి. తండ్రి మతి తప్పుతోందని తెలిసి కూడా కాగితాల మీద వేలిముద్ర వేయించుకునే కొడుకులున్నారు. రుణపత్రం చెప్పి వ్రాయించలేని బలహీనుని తరఫున సంరక్షకుడు న్యాయంగా వ్రాయించాలని బఖరా సూరా 282వ ఆయతు ఆదేశం. అక్కచెల్లెళ్ళ వాటా ఎగ్గొట్టడానికి తీసుకున్న ఆ వేలిముద్రను రేపు అల్లాహ్ ముందు ఏమని చూపిస్తారు?

ఆయన నమాజు విషయంలో కసురుకోకండి. బనీ ఇస్రాయీల్ సూరా 23వ ఆయతు తల్లిదండ్రుల ముందు విసుగు మాటనే నిషేధించింది. తెలివి పూర్తిగా పోయిన మనిషిపై నమాజు బాధ్యత ఉండదు. అంతవరకూ చేయి పట్టుకుని మస్జిదుకు తీసుకువెళ్ళి, సఫ్‌లో మీ పక్కనే నిలబెట్టుకోండి. జమాఅత్‌లో రకాతులు లెక్కపెట్టే పని ఇమాముది.